రెండు వేల నాలుగు వందల అరవై అడుగులు

మా భవనంలో నాలుగు విభాగాలున్నాయి. మెట్లు ఒక్కటే, నీళ్ల కూలర్ ఒక్కటే, మధ్యాహ్నం మూడు గంటలకి టీ తెచ్చే మనిషీ ఒక్కడే. అయినా ఒక విభాగం ఏం చేస్తోందో ఇంకో విభాగానికి తెలియదు. తెలియాలంటే సదస్సు పెట్టాలి, బ్యానర్ కట్టాలి, రోజూ కూలర్ దగ్గర ఎదురుపడే మనిషినే మైకులో "గౌరవనీయులైన మిత్రులు" అని పిలవాలి. చదువుకున్నవాళ్ల పద్ధతులు ఇలాగే ఉంటాయి, ఏం చేస్తాం.

ఆ శనివారం మేం పెట్టుకున్నది అలాంటి సదస్సే. పేరు "సముదాయ సాధికారత: బహుశాస్త్ర అనుభవాలు". యూనివర్సిటీ వెనక గోడ అవతల ఒక సందు ఉంది. ఏడాదిగా నీటి ఇంజనీరింగ్ వాళ్లు, కంప్యూటర్ వాళ్లు, సైకాలజీ వాళ్లు ఎవరికి వారు ఆ సందులోకి వెళ్లి, అక్కడి ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్లకి సాధికారత ఎలా వస్తుందో కనిపెడుతున్నారు. ఆ మూడింటినీ కలిపి ఒక్క నివేదికగా కుట్టే పని మా సోషియాలజీది. అంటే మా గైడు మేడమ్‌ది. అంటే నాది.

నేను నాలుగేళ్లుగా "ఆడవాళ్ల లెక్కకురాని పని" మీద థీసిస్ రాస్తున్నాను. జీతం లేకుండా, ఎవరి కంటా పడకుండా ఆడవాళ్లు చేసే చాకిరీ ఎంతో గంటల్లోనూ నిమిషాల్లోనూ లెక్కగట్టడం నా పని. దాని గురించి ఎవరైనా అడిగితే గంటసేపు చెబుతాను. అడక్కపోతే రెండు గంటలు చెబుతాను.

ఆ సందులో మూడో ఇల్లు మా మేనత్తది. నేనుండేది అక్కడే. అత్తయ్య దర్జీ. ముందు గదిలో మిషన్, మిషన్ పక్కన స్టూలు. ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నా వాళ్ల చేతిలో ఒక గుడ్డ కొస పెట్టి "పట్టుకో, జారనివ్వకు" అంటుంది. తర్వాత వాళ్ల ఒంటి మీద ఊడిన బొత్తామో చిరిగిన జేబో కనిపెట్టి, అడక్కుండానే కుట్టేస్తుంది. ఎప్పుడో ఒక స్కూలు వాళ్లు యూనిఫాం రంగు మార్చేస్తే రెండు అట్టపెట్టెల చిలకపచ్చ దారం ఆవిడకి మిగిలిపోయింది. "అయిపోయేదాకా ఇదే" అని శపథం చేసింది. మా కర్టెన్లకి, దిండు గలీబులకి, నా ఎర్ర చున్నీ అంచుకి కూడా చిలకపచ్చ కుట్లే.

అత్తయ్య ఇంటి ఎదురుగానే యూనివర్సిటీ గోడ. పదడుగుల ఎత్తు, పైన గాజు పెంకులు. గోడలో ఒక రేకు గేటు. ఆ గేటు తీస్తే అవతల మా భవనమే. ఆరేళ్ల కింద దానికి తాళం పడింది. ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఏ ఫైల్లోనూ లేదు. అప్పటినుంచి సందులో వాళ్లు బస్సెక్కాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా గోడ చుట్టూ తిరిగి మెయిన్ గేటు దగ్గరికి రావాలి. నాకు స్కూటీ ఉంది కాబట్టి ఐదు నిమిషాల పని. అత్తయ్యకి ఉన్నది నొప్పి మోకాలు. నడక తగ్గించమని డాక్టర్ ఈవిడకి చెప్పాడు. ముందు గేటు తీయించమని ఈవిడ డాక్టర్‌కి చెప్పింది.

తీయించడం అటుంచి, ఇప్పుడా గేటు పీకేసి అక్కడ గోడ కట్టేయాలని ఆర్డరు వచ్చింది. సందులో ఇటుకలు దించారు. సోమవారం మేస్త్రీ వస్తాడు. ఇటుకలు దిగిన రోజు అత్తయ్య మిషన్ ముందు ఊరికే కూర్చుంది.

"అది కట్టేస్తే ఇంక నా వల్ల కాదే. తెరుస్తారన్న ఆశతో ఇన్నాళ్లు లాక్కొచ్చాను. ఇక నా పని ఆగిపోతుంది," అంది.

కుట్టుపని గురించే అనుకున్నాను. హాస్టల్ పిల్లల బట్టలు ఇచ్చి రావడానికి తిరుగుతుంటుంది కదా అనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదు.

"మీ వాళ్లకి నువ్వు రాయొచ్చుగా ఈ గేటు సంగతి?" అని ఏడాదిగా అడుగుతోంది.

"బంధువుల మాట సాక్ష్యంగా తీసుకోకూడదత్తయ్యా. పరిశోధన నియమం," అని ఏడాదిగా చెబుతున్నాను.

"సరేలే. నీ నియమం నువ్వు దాచుకో. వినేవాళ్లకే చెప్పుకుంటా," అంది ఒకరోజు. నేను స్కూటీ తాళాలు వెతుక్కుంటూ ఊఁ కొట్టాను. అదీ నా తెలివి.

ఇక్కడ ఇంకో నియమం కూడా చెప్పాలి. మేం ఎవరితో మాట్లాడినా వాళ్ల పేరు బయటపెట్టం. కోడ్ పెడతాం. పక్క విభాగం వాళ్లకి కూడా చెప్పం. నీటి ఇంజనీరింగ్‌లో పైపులాయన అని ఒకతనున్నాడు, ఎవరింటికి వెళ్లినా ముందు కుళాయి తిప్పి చూస్తాడు. అతను ఏడాదంతా పొగిడిన మనిషి "నీ-9". కంప్యూటర్ విభాగంలో యాప్ అమ్మాయి మురిసిపోయిన మనిషి "యూజర్ 21". సైకాలజీలో మనసులాయన కళ్లనీళ్లు పెట్టుకుని వర్ణించిన మనిషి "శ్రీమతి క". ముగ్గురూ ముగ్గురు ఆణిముత్యాల గురించి రాశారు.

శుక్రవారం పన్నెండున్నరకి ఎప్పటిలాగే నా బల్ల మీద క్యారియర్ ఉంది. నేను ఏడింటికే బయల్దేరతాను కాబట్టి "పొద్దున్నే కట్టిస్తే చల్లారిపోతుంది, వేడిగా పంపిస్తాలే" అని అత్తయ్య మొదట్లోనే చెప్పింది. పంపిస్తోంది. అది విప్పుకుని తింటూ మూడు నివేదికలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నీళ్లకి ఇబ్బందేమిటని అడిగితే నీ-9 ఇలా అన్నారట: "నీళ్లు వస్తాయి పోతాయి. రోజూ రెండు వేల నాలుగు వందల అరవై అడుగులు, అదీ ఇబ్బంది." ఫోన్ ఎప్పుడు చూస్తారని అడిగితే యూజర్ 21: "రెండు వేల నాలుగు వందల అరవై అడుగులు వేసి, మళ్లీ అంతా తిరిగొచ్చాక, కాళ్లు చాపుకుని." మనసుకి దిగులు పుట్టించేదేమిటని అడిగితే శ్రీమతి క కూడా అదే అంకె చెప్పారు. మూడు నివేదికల చివరా ఒకటే కోరిక. గేటు తెరవాలి.

ముగ్గురు ఆడవాళ్లు. మూడు శాస్త్రాలు. ఒకే అంకె! చెయ్యి కడుక్కోకుండానే మేడమ్ గదికి పరుగెత్తాను. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఇది బంగారం. రేపు ఆఖరి స్లైడు ఇదే," అన్నారు. సాయంత్రం దాకా కూర్చుని ఆ అంకెని ఎర్ర రంగులో, పెద్దగా, చుట్టూ మూడు వలయాలతో వేశాను. మూడు వలయాలు కలిసే చోట అంకె. ఎంత మురిసిపోయానో చెబితే మీరు నవ్వుతారు.

శనివారం పదింటికి సెమినార్ గది నిండింది. ముందు వరసలో రిజిస్ట్రార్ గారు. భారీ మనిషి, మంచి మనిషి, అంకెలంటే ప్రాణం. గోడ ఆర్డరు మీద సంతకం ఆయనదే. వెనక వరసలో "సముదాయ ప్రతినిధులు" అని కాగితం అంటించిన కుర్చీల్లో సందులోని ఆడవాళ్లు ఐదారుగురు. వాళ్ల మధ్య మా అత్తయ్య. నన్ను చూసి గుర్తుపట్టనట్టు మొహం తిప్పుకుంది. నా నియమాన్ని నాకంటే బాగా పాటిస్తోందని ముచ్చటపడ్డాను.

పైపులాయన మొదట లేచాడు. చొక్కా రెండో బొత్తాం చిలకపచ్చ దారంతో కుట్టి ఉంది. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. యాప్ అమ్మాయి లేచింది. లాప్‌టాప్ బ్యాగు పట్టీకి చిలకపచ్చ కుట్లు. మా కర్టెన్లు గుర్తొచ్చాయి. మనసులాయన లేచి చెయ్యెత్తి "మిత్రులారా" అన్నాడు. మణికట్టు దగ్గర బొత్తాం. చిలకపచ్చ.

"శ్రీమతి క నాతో మాట్లాడుతున్నంతసేపూ నా చేతికి ఒక గుడ్డ కొస ఇచ్చి పట్టుకోమన్నారు. అది నమ్మకానికి గుర్తు," అన్నాడతను గద్గదంగా.

వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య కిటికీ కర్టెన్ల కుట్టు ఎలా ఉందో పరిశీలిస్తోంది.

ఆఖరి స్లైడు పడింది. ఎర్ర అంకె వెలిగిపోయింది. రిజిస్ట్రార్ గారు కుర్చీలో ముందుకి వంగారు.

"ఒక్కరు చెబితే అభిప్రాయం. ముగ్గురు, ఒకరికొకరు తెలియకుండా, ఒకే అంకె చెబితే అది నిజం! ఆ గోడ పని ఆపేద్దాం. గేటు తెరుద్దాం," అన్నారు. చప్పట్లు మోగాయి. మేడమ్ నా భుజం తట్టారు.

నేను అప్పుడే లేచి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే గేటు పోతుంది, చెప్పకపోతే నా చదువుకి అర్థం పోతుంది. ఆ రెండింటి మధ్య కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. సిగ్గుగా ఉంది కానీ, కొట్టాను.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ సత్కారం ఉంది. చీటీ మీద రాసిచ్చిన కోడ్ పిలిస్తే ఆ మనిషి తనంతట తానే వేదిక మీదికి రావాలని, ఒక సర్టిఫికెట్, యూనివర్సిటీ ముద్ర ఉన్న గొడుగు ఇవ్వాలని ఏర్పాటు. నీ-9ని పిలిచారు. అత్తయ్య మోకాలు పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి, గొడుగు తీసుకుని, దిగి వెళ్లి కూర్చుంది. యూజర్ 21ని పిలిచారు. అత్తయ్య గొడుగు పక్కావిడకి ఇచ్చి మళ్లీ లేచింది. గదిలో చిన్న గుసగుస. రెండో గొడుగు తీసుకుని దిగింది. శ్రీమతి కని పిలిచేసరికి గుసగుస కూడా ఆగిపోయింది.

"అమ్మా, మీరు ఇందాకే వచ్చారు కదా?" అన్నారు రిజిస్ట్రార్ గారు మూడో గొడుగు ఇవ్వకుండా పట్టుకుని.

"వచ్చాను సారూ. అప్పుడు ఆవిడగా వచ్చాను, ఇప్పుడు ఈవిడగా వచ్చాను. మీ పిల్లలు చీటీలు ఇచ్చారు. పిలిచినప్పుడు రాకపోతే బాగుండదని వచ్చాను," అంది అత్తయ్య. కొంగు ముడి విప్పి మూడు చీటీలూ చూపించింది.

పైపులాయన నోరు తెరిచాడు. యాప్ అమ్మాయి మనసులాయన బొత్తాం చూసింది, మనసులాయన పైపులాయన బొత్తాం చూశాడు. ముగ్గురూ ఒకే మెట్లెక్కి దిగే మనుషులు.

"మా ముగ్గురికీ చెప్పింది మీరేనా? మరి చెప్పలేదేం?" అన్నాడు పైపులాయన.

"నువ్వడిగింది కుళాయి గురించి బాబూ. ఇంకెవరితోనైనా మాట్లాడారా అని అడిగావా? ఆ అమ్మాయీ అడగలేదు, ఆ అబ్బాయీ అడగలేదు. మీరు ముగ్గురూ ఒకచోట కూర్చుని ఒక్కసారి టీ తాగుంటే ఒకే గొడుగుతో పోయేది."

గదిలో సగం మంది నవ్వారు. మేడమ్ నవ్వలేదు. రిజిస్ట్రార్ గారి మొహం మాడిపోయింది. "అంటే ఇది ఒక్కరి మాటే! ఒక్కరి మాట పట్టుకుని ఆర్డరు ఎలా మారుస్తాను? ఈవిడ ఎవరో ఇక్కడ ఎవరికైనా తెలుసా?"

అప్పుడు లేచాను. "మా మేనత్త సార్. నిన్న ఆ స్లైడు వేసినప్పుడు తెలియదు. ఇందాక తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను."

మేడమ్ కళ్లు మూసుకున్నారు. ఆవిడ కళ్లు తెరిచాక నా పరిస్థితి ఏమిటో నాకు తెలుసు.

"ఒక్కరు చెబితే మాత్రం అడుగులు తగ్గుతాయా సారూ?" అంది అత్తయ్య. "మా గుమ్మం దగ్గర మొదలుపెట్టి నడిచి చూడండి. దీని చేత లెక్కపెట్టించండి. దీని కాళ్లూ నా కాళ్లూ ఒకటే సైజు, చెప్పులు కూడా మార్చుకుంటాం. అంకె తప్పైతే సోమవారం నేనే మేస్త్రీకి ఇటుకలు అందిస్తాను."

అంకెలంటే ప్రాణమని చెప్పాను కదా. ఆయన కాదనలేకపోయారు. తన కారులోనే అత్తయ్యని సందులో దింపారు. అత్తయ్య గేటు దగ్గర ఉండిపోయింది. ఆయన, ముగ్గురు పరిశోధకులు, నేను ఆవిడ గుమ్మం దగ్గర నుంచి గోడ వెంబడి బయల్దేరాం. ఎండ చుర్రుమంటోంది. పైపులాయన దారిలో ఉన్న ప్రతి కుళాయీ తిప్పుతూ వచ్చాడు. రిజిస్ట్రార్ గారు మొదటి మలుపులో కోటు విప్పారు, రెండో మలుపులో మాటలు మానేశారు. నేను మాత్రం పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాను. నాలుగేళ్లుగా ఇదే దారిలో స్కూటీ మీద పోతున్నాను. ఇక్కడ ఇంత ఎత్తు మిట్ట ఉందని, మురుగు కాలవ దాటడానికి పలక ఒక్కటే ఉందని నాకు తెలియదు.

మెయిన్ గేటు దగ్గర బస్టాపుకి చేరేసరికి వెయ్యిన్ని తొమ్మిది వందల నాలుగు.

"ఎంత?" అన్నారు రిజిస్ట్రార్ గారు రొప్పుతూ. చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఐదు వందల యాభై పైన తేడా! మనిషీ ఒక్కరే, అంకె కూడా తప్పే. నేనేం చేసేది కాదమ్మా."

అయిపోయింది అనుకున్నాను. గోడ లేచిపోతుంది. అత్తయ్యకి ఫోన్ చేశాను. "అత్తయ్యా, లెక్క తప్పింది. బస్టాపుకి వెయ్యిన్ని తొమ్మిది వందల నాలుగే."

"బస్టాపుకని ఎవరన్నారే?" అంది అటునుంచి.

ఎవరూ అనలేదు. పైపులాయన అనుకున్నాడు, యాప్ అమ్మాయి అనుకుంది, మనసులాయన అనుకున్నాడు. స్లైడు వేస్తూ నేనూ అనుకున్నాను. ఎక్కడి వరకో ఆవిడని ఎవరమూ అడగలేదు.

"మరి ఎక్కడిదాకా?"

"లోపలికి రండి. నడువు."

"అదే, ఎక్కడిదాకా అత్తయ్యా?"

"నీ బల్ల దాకా."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నడిచాను. మిగతావాళ్లు ఏం అడిగారో వినపడలేదు. రెండు వేలు దాటింది. క్యాంటీన్ దాటింది. రెండు వేల నాలుగు వందలకి మా భవనం. ఇరవై రెండు మెట్లు. రెయిలింగ్ పట్టుకుంటే అత్తయ్య మోకాలు గుర్తొచ్చింది. వరండా. మా గది. నా బల్ల. రెండు వేల నాలుగు వందల అరవై.

బల్ల మీద క్యారియర్ ఉంది. ఆ రోజు సదస్సుకి వస్తూ పదింటికే తెచ్చి పెట్టినట్టుంది, చల్లారిపోయింది. గుమ్మం దగ్గర స్టూలు మీద మా అటెండర్ తాత కూర్చుని ఉన్నాడు.

"తాతా, రోజూ ఈ క్యారియర్ తెచ్చేది నువ్వు కాదా?"

"నేనెందుకు తెస్తానమ్మా? ఆ పెద్దావిడే తెస్తుంది. నువ్వు లైబ్రరీలోనో, మేడమ్ గారి దగ్గరో ఉంటావు. పిలవనా అంటే వద్దంటుంది. 'చదువుకుంటోంది, కదిలించకు' అంటుంది. కాసేపు నీ కుర్చీలో కూర్చుని, మోకాలు రుద్దుకుని పోతుంది. నాలుగేళ్లయిందిగా. నీకు తెలుసనుకున్నానే!"

నాకు తెలియదు. ఆడవాళ్ల లెక్కకురాని పని మీద మూడు వందల పేజీలు రాసినదాన్ని, నాకు తెలియదు. ఎవరు తెస్తున్నారని ఒక్కరోజు కూడా అడగలేదు. రెండు వేల నాలుగు వందల అరవై, మళ్లీ తిరిగి అంత, రోజూ. దుఃఖం ఆగలేదు. అందరి ముందూ ఏడ్చాను.

రిజిస్ట్రార్ గారు కిటికీ దగ్గరికి వెళ్లారు. కింద గోడ. గోడలో రేకు గేటు. గేటు అవతల ఇటుకల గుట్ట మీద మా అత్తయ్య, యూనివర్సిటీ ముద్ర ఉన్న గొడుగు వేసుకుని, మా కిటికీ వైపే చూస్తూ కూర్చుని ఉంది. గట్టిగా పిలిస్తే పలికేంత దూరం.

"ఆ గేటు నుంచి ఇక్కడికి ఎంతుంటుంది?" అన్నారాయన.

"నలభై మీటర్లు కూడా ఉండదు సార్," అన్నాడు పైపులాయన.

ఆయన బల్ల మీదున్న నా థీసిస్ ప్రతి తీసి అట్ట మీద పేరు పైకి చదివారు. దాన్ని జాగ్రత్తగా క్యారియర్ పక్కన పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి, "వెనక గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని అడిగారు.

ఎవరి దగ్గరా లేదు. సోమవారం మేస్త్రీ వచ్చి మొదట తాళం పగలగొట్టాడు. దించిన ఇటుకలు వృథా పోకుండా గేటుకి అటూ ఇటూ రెండేసి వెడల్పాటి మెట్లు కట్టమన్నారు, మోకాళ్ల నొప్పులవాళ్లకి ఎత్తు తక్కువగా. మేడమ్ నన్ను గంటన్నర తిట్టి, ఉమ్మడి నివేదికలో "ముగ్గురు మహిళలు" కొట్టేసి "ఒకరు" అని నా చేతే రాయించారు. పైపులాయన, యాప్ అమ్మాయి, మనసులాయన ఇప్పుడు మూడింటికి కలిసి టీ తాగుతున్నారు, ఎంతవరకు సాగుతుందో చూడాలి.

ఆ వారం మేస్త్రీ పని అయ్యాక, పన్నెండున్నరకి నేనే లేచి గేటు దాటి ఇంటికి వెళ్లాను. తొంభై నాలుగు అడుగులు, మెట్లతో కలిపి. అత్తయ్య అప్పుడే క్యారియర్ మూత పెడుతోంది.

"ఏమే, ఒంట్లో బాలేదా?" అంది కంగారుగా.

"బాగానే ఉంది. భోజనానికి వచ్చాను. ఇక రోజూ వస్తాను."

ఆవిడ క్యారియర్ మూత తీసేసింది. "అయితే కంచం నువ్వే కడుక్కోవాలి," అంది.

తిన్నాను. కంచం కడిగాను. నోట్‌బుక్ తీసి స్టూలు మీద కూర్చున్నాను. మా ఫారంలో "పరిశోధకురాలితో సంబంధం" అని ఒక గడి ఉంటుంది. ఎప్పుడూ అందులో "లేదు" అని రాస్తాం. మొదటిసారి "మేనత్త" అని రాశాను.

"నియమం ఏమైందే?" అంది అత్తయ్య మిషన్ మీదికి వంగుతూ.

"మేడమ్‌ని అడిగాను. దాచకుండా రాస్తే తప్పులేదన్నారు. నువ్వు చెప్పు అత్తయ్యా, మొదటినుంచి."

అత్తయ్య నా చేతికి ఒక గుడ్డ కొస ఇచ్చింది. "పట్టుకో, జారనివ్వకు," అంది. ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో రాసుకున్నాను.